పదకొండున్నర చుట్లు

నీళ్ల పైపు వాల్ తిప్పే చాబీ అంటే నాలుగడుగుల ఇనుప కడ్డీ. పైన అడ్డంగా పిడి, కింద చదరపు గాడి. ఇరవై రెండేళ్లుగా దాన్ని మోసీ మోసీ సాంబయ్య కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి దిగింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన చొక్కాలు కుట్టే దర్జీకి తెలుసు.

సోమవారం పొద్దున ఐదింటికి ఏడో వార్డు ట్యాంకు కింది పెద్ద వాల్ తెరిచి, చాబీ భుజాన వేసుకుని, మూలమలుపు దాకా పరుగులాంటి నడక నడిచాడు సాంబయ్య. మున్సిపాలిటీలో నీళ్లొదిలే లైన్‌మన్, యాభై ఏడేళ్ల మనిషి. పోయినేడు హెర్నియా ఆపరేషన్ అయ్యాక పరుగెత్తొద్దని డాక్టరు చెప్పాడు. నడవొద్దని చెప్పలేదు కదా అని ఈయన వాదన.

మలుపు దగ్గర మోరీ, అంటే మురికికాలువ, దాని మీద రెండు సిమెంటు పలకలు. వాటిని దాటితే తట్టల లైన్. బొగ్గుబాయిలో తట్టలతో బొగ్గెత్తినవాళ్లు, క్వార్టర్లు దొరకక, గని మట్టిగుట్ట వెనక ఎత్తు మీద వేసుకున్న ఇళ్లు. మొత్తం నలభై ఆరు. బాయి మూతపడి చాలా ఏళ్లయింది. మొగవాళ్లలో కొందరు పోయారు, కొందరు మస్కట్‌లో, దుబాయిలో ఉన్నారు. ఆడవాళ్లు బీడీలు చేస్తారు.

లైన్ మొదట్లో రామవ్వ ఇల్లు. ఇంటి ముందు ఒక షాబాద్ బండ. పగలంతా రామవ్వ ఆ బండ మీదే కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. చూసేవాళ్లకు అది అరుగు. బండ కింద ఇటుకలు కట్టిన గుంత, గుంతలో రెండించుల వాల్ ఉన్నాయని లైన్‌లో అందరికీ తెలుసు. మున్సిపల్ ఆఫీసులో మాత్రం ఏ కాగితానికీ తెలియదు.

"ఇయ్యాల జర ఆలస్యమైంది తమ్మీ," అంది రామవ్వ. నానబెట్టిన తునికాకు కట్టను తడిబట్టలో చుడుతూ ఉంది.

"గేటు తాళం పట్టేసింది అక్కా. తుప్పు."

బండను కడ్డీతో పక్కకు జరిపి, సాంబయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాబీ గుంతలోకి దింపాడు. గాడి పడింది. ఒకటి, రెండు, మూడు. పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. పదకొండు చుట్లు తిప్పి ఆగి, ఊపిరి పీల్చుకుని, ఇంకో సగం తిప్పాడు. పదకొండే తిప్పితే చివరి ఆరిళ్లకు నీళ్లు ఎక్కవు. పన్నెండు తిప్పితే ట్యాంకు ఎక్కువ దిగిపోయి, తర్వాత కింద కాలనీలో ధార సన్నబడి, జనం ఫోన్లు చేస్తారు. పదకొండున్నర. ట్యాంకు నిండుగా ఉన్న మొదటి పావుగంటలోనే ఆ ఎత్తుకు నీళ్లు ఎక్కుతాయి. పావుగంట కాగానే మూసేయాలి, అప్పుడే కింద కాలనీకి నీళ్లు మొదలవుతాయి. ఈ లెక్క కనిపెట్టడానికి సాంబయ్యకు రెండు నెలలు పట్టింది. ఇది తనకు తప్ప మనిషన్నవాడికి తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనకు పెద్ద బరువు. కొంచెం గర్వం కూడా.

పోయినేడు దవాఖానలో ఆరు రోజులు పడుకున్నప్పుడు ఆయన బాధ కుట్ల గురించి కాదు, ఈ వాల్ గురించే. తిరిగొచ్చి అడిగితే నీళ్లొచ్చాయన్నారు. వాల్ సరిగ్గా మూయకుండా పోయి ఉంటాననీ, తన మతిమరుపే వాళ్లను కాపాడిందనీ అనుకుని ఊరుకున్నాడు.

నల్లాలు బుస్సుమన్నాయి. గాలి పోయి నీళ్లు పడ్డాయి. బిందెలు కదిలాయి. రామవ్వ మొదటి చెంబు పట్టి సాంబయ్యకు తెచ్చిచ్చింది. వాసన చూసి, రెండు గుక్కలు తాగి, బాగున్నాయని ఆయన తలూపాలి. అప్పటిదాకా లైన్‌లో ఎవరూ తాగే బిందె పట్టరు. ఎనిమిదేళ్ల కింద మొదటి రోజు నీళ్లలో తుప్పు వచ్చినప్పుడు మొదలైన పద్ధతి ఇది. తుప్పు పోయినా పద్ధతి పోలేదు.

"మమ్ముల ఏడో వార్డుల నుంచి తీసి ఎనిమిదో వార్డుల కలిపిండ్రట గదా," అంది రామవ్వ, చెంబు తిరిగి తీసుకుంటూ. "ఆఫీసుల గోడకు కాయిదం పెట్టిండ్రట. నిజమేనా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలో ఒకలు. నిజమేనా?"

సాంబయ్యకూ ఇప్పుడే తెలిసింది. వాచీ చూసుకున్నాడు. పావుగంట దాటి రెండు నిమిషాలైంది. చివరింటి అవ్వ బిందె ఇంకా సగమే నిండింది. ఇంకొక్క నిమిషం అనుకున్నాడు. ఎప్పుడూ అలాగే అనుకుంటాడు.

ఆఫీసులో నోటీసు బోర్డు ముందు తిరునాళ్లకు వచ్చినట్టు జనం. ఐదేళ్ల పాలకవర్గం గడువు ముగిసి ఏడాది దాటింది. ఇప్పుడు ఎన్నికల ముందు వార్డుల హద్దులు మళ్లీ గీస్తున్నారు. అభ్యంతరాలకు ఏడు రోజుల గడువు. సాంబయ్య కళ్లద్దాలు లేకుండా బోర్డు చదవలేక, నేరుగా టౌన్ ప్లానింగ్ గదికి పోయాడు. అక్కడ జ్యోతిరాణి మేడం ఉంటుంది. వచ్చి ఏడాదైంది. ముప్పై దాటని పిల్ల. మధ్యాహ్నం రెండైనా టిఫిన్ డబ్బా మూత తెరవలేదు.

"తట్టల లైనా?" అని కంప్యూటర్‌లో మ్యాపు తెరిచింది. "ఏడో వార్డుల నూట డెబ్బై మంది ఎక్కువ తేలిండ్రు సాంబయ్య గారూ. ఏదో ఒక దిక్కు కొయ్యాలె. మోరీ మంచి హద్దు, అందరికీ కనబడ్తది. పైగా వాళ్ల నీళ్లు కూడ ఎనిమిదో వార్డు ట్యాంకు నుంచే. లైన్ రిజిస్టర్‌ల ఉంది. ఇగో సూడుండ్రి."

తెర మీద ఒక నీలం గీత. ఎనిమిదో వార్డు ట్యాంకు దగ్గర బయల్దేరి, నున్నగా, ఎక్కడా ఆయాసపడకుండా ఎత్తెక్కి తట్టల లైన్ చేరుకుంది. ఆ గీత సాంబయ్యకు బాగా తెలుసు. నాలుగేళ్ల కింద ఒక కాంట్రాక్టరు వేసిన పైపు అది. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. ఎనిమిదో వార్డు ట్యాంకు పల్లంలో ఉంది. ఆ పైపులో ఇంతవరకు ఒక్క చుక్క పైకెక్కలేదు.

"ఆ పైపుల నీళ్లు రావు మేడం."

"రావా? మరి నాలుగేండ్ల సంది వాళ్లు ఏం తాగుతుండ్రు?"

ఆ పిల్ల నిజంగానే అడిగింది. వెటకారం లేదు. సాంబయ్య తెర మీది నీలం గీతనే చూశాడు. చెబితే ఎనిమిదేళ్ల కింద రోడ్డు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్కలతో, ఆర్డరు లేకుండా, లైన్ మొగవాళ్లను కూడగట్టుకుని రెండు ఆదివారాల్లో తాను వేసిన కనెక్షన్ గురించి చెప్పాలి. అప్పటి ఇంజనీరు చూసీ చూడనట్టు పోయాడు, తర్వాత బదిలీ మీద వెళ్లిపోయాడు. రిజిస్టర్‌లో ఎక్కించమని ఎవరూ అడగలేదు. సాంబయ్య కావాలనే ఎక్కించలేదు. కాగితం మీద ఉంటే ఏ పెద్దమనిషి కన్నైనా పడుతుంది, పడితే మూయిస్తారు అని ఆయన భయం. దాచిపెడితేనే బతుకుతుందనుకున్నాడు. ఇప్పుడు ఆ దాచిపెట్టడమే లైన్‌ను వార్డులోంచి కోసేస్తోంది. ఆ రోజు ఒక్క వరస సిరాతో రాసి ఉంటే ఈ పిల్ల అక్కడ గీత గీసేది కాదు.

"ఏమైతది మేడం, ఎనిమిదో వార్డుల కలిపితే?"

"ఏం కాదు. ఓటు ఆడ ఏస్తరు. స్టాఫును కూడ వార్డు ప్రకారం సర్దుతం. మోరీ అవతల దేవదాస్ చూసుకుంటడు, ఇవతల మీరు." ఆమె డబ్బా దగ్గరికి లాక్కుంది. "అభ్యంతరం ఉంటే రాసియ్యమనుండ్రి. గురువారం నేనే వచ్చి చూస్త. మీరు కూడ ఉండుండ్రి, వాల్‌లు చూపియ్యాలె."

గేటు దగ్గర కరుణాకర్ కారు ఆగి ఉంది. ఏడో వార్డు మాజీ కౌన్సిలర్. మాజీ అన్న మాట ఆయనకు గిట్టదు, అందుకని అందరూ ఇంకా కౌన్సిలర్ సాబ్ అనే పిలుస్తారు. పోయిన ఎన్నికల్లో ముప్పై ఒక్క ఓట్లతో గెలిచాడు. తట్టల లైన్‌లో ఆయనకు పడిన ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"సాంబన్నా, జర ఇటు రా." కారు అద్దం దించాడు. "కింద కాలనీల మా ఇంట్ల నల్లా రెండు మూడు నిమిషాలు లేటు వస్తుందే. ఒక్కనాడు కాదు, నీళ్లిడిసిన ప్రతిసారి. ఎందుకంటవ్?"

"లైన్‌ల గాలి ఉంటది సార్."

"గాలి!" కరుణాకర్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, పని అయిపోయినవాడి నవ్వు. "ఆ బీడీల ముసల్దాని ఇంటి ముంగట ఏదో గుంత ఉందట గదా. నేను అడుగుత లేను. ఎవల పాపం వాళ్లది. ఇగ వాళ్లు ఎనిమిదోళ్లయిరి. మన నీళ్లు మనకు ఉండాలె. నువ్వు మోరీ దాటకు, అంతే. గుంత సంగతి ఇంజనీరు సార్‌కు చెప్పి మట్టి పోయిస్త అంటే ఒక్క నిమిషం పని. కని నీ నౌకరికి తిప్పలైతదని ఊకున్న."

సాంబయ్య తల ఊపాడు. ఎందుకు ఊపాడో ఆయనకే తెలియదు. ఇరవై రెండేళ్లుగా అద్దం దించిన ప్రతి కారు ముందూ ఆ తల అలాగే ఊగింది. దాని మీద ఆయనకే విసుగొచ్చింది.

బుధవారం మళ్లీ నీళ్ల రోజు. వాల్ తెరిచి లేచేసరికి రామవ్వ చేతిలో దరఖాస్తు ఉంది. డిగ్రీ చదివే పిల్లతో రాయించారు. తట్టల లైన్ ప్రజలు ఏడో వార్డులోనే ఉండాలని కోరుకుంటున్నారు, ఎందుకంటే వారికి ఏడో వార్డు ట్యాంకు నుంచే మంచినీరు అందుతోంది. కింద సంతకాలు, వేలిముద్రలు. తంబాకు అంటిన బొటనవేళ్ల గుర్తులు సిరా గుర్తుల పక్కన గోధుమ రంగులో మిగిలాయి.

"నువ్వొక్క మాట చెప్తె సాలు తమ్మీ," అంది రామవ్వ. "మేం చెప్తె నమ్మరు. నీళ్లిడిసేటోడు చెప్తె నమ్ముతరు. ఏడో వార్డుల ముప్పై ఓట్ల తేడాతోటే గెలుస్తరు, ఆడ ఉంటే ఓట్లకోసమన్న మన గడప తొక్కుతరు. అటు పోతే నాలుగువేల మందిల మనమెవలం? ఎవలడుగుతరు?"

"చెప్త అక్కా," అన్నాడు సాంబయ్య. ఆ మాట అనేటప్పుడు చెబుదామనే ఉంది.

ఇంట్లో భార్య అనసూర్యకు చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తున్నది ఆపి ఆయన మొహం చూసింది.

"చెప్తె ఏమంటరు?"

"దొంగ కనెక్షన్ అంటరు. ఔట్‌సోర్సింగ్ నౌకరి. మెమో గూడ ఇయ్యరు, రేపటి సంది రాకు అంటరు."

"ఇంకెన్నేండ్లున్నయ్?"

"మూడు."

అనసూర్య పప్పు పోసింది. గరిటె పక్కన పెట్టి, "నన్నడిగితే చెప్పకనే అంట. కని నువ్వు చెప్పకపోతే నీకు అన్నం సయించది. ఎనిమిదేండ్ల సంది సూస్తలేనా," అంది. ఆ మాటకు సాంబయ్యకు కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది. మిరపకాయ కొరికినట్టు ముక్కు ఎగబీల్చి అన్నం కలుపుకున్నాడు.

గురువారం పదకొండింటికి జ్యోతిరాణి ఆఫీసు జీపులో వచ్చింది. తలకు చున్నీ చుట్టుకుని, చేతిలో ట్యాబు, చంకలో ఫైలు. ఆమె కంటే ముందే కరుణాకర్ వచ్చి నీడలో నిలబడ్డాడు. ఎనిమిదో వార్డు లైన్‌మన్ దేవదాస్ కూడా వచ్చి, ఎవరి కళ్లల్లోనూ పడకుండా చెప్పులు చూసుకుంటూ నిల్చున్నాడు. లైన్ ఆడవాళ్లంతా పనులు ఆపి గడపల్లోకి వచ్చారు. రామవ్వ మాత్రం బండ మీద కూర్చుని బీడీలు చుడుతోంది. తడి ఆకును రేకు కొలత మీద పెట్టి కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, వేళ్ల మధ్య దొర్లించి, కొస మడిచి, దారం చుట్టి, చాటలో వేసింది. మళ్లీ ఆకు తీసుకుంది.

జ్యోతిరాణి మోరీ కొలిచింది, ఇళ్లు లెక్కపెట్టింది, దరఖాస్తు పైకి చదివింది.

"ఏడో వార్డు ట్యాంకు నుంచి నీళ్లస్తున్నయని రాసిండ్రు. రిజిస్టర్‌ల అట్ల లేదు. సాంబయ్య గారూ, ఇక్కడ మీ లైన్ వాల్ ఏమన్న ఉందా?"

"ఏం లేదు మేడం," అన్నాడు కరుణాకర్. "ఎనిమిదో వార్డు పైపుంది. నేనే దగ్గరుండి ఏయించిన."

"నేను ఆయన్ను అడుగుతున్న సార్."

అందరూ సాంబయ్య వైపు చూశారు. చాబీ చేతిలోనే ఉంది. దాన్ని నేల మీద ఆనించి, రామవ్వ దగ్గరికి నాలుగడుగులు వేశాడు.

"అక్కా, జర లే."

రామవ్వ తలెత్తలేదు. ఆకు కత్తిరిస్తోంది.

"లే అక్కా. బండ జరుపాలె."

"నేను లేవ."

"అక్కా, మేడం సూడాలె..."

"ఏం సూడాలె?" రామవ్వ ఇప్పుడు తలెత్తింది. సాంబయ్యను కాదు, జ్యోతిరాణిని చూసింది. "ఏడో వార్డు వాల్ అవుపడ్తే దాన్నేం చేస్తరు బిడ్డా? ఇట్లనే ఉంచుతరా?"

జ్యోతిరాణి అబద్ధం చెప్పడం రాని పిల్ల. "పర్మిషన్ లేని కనెక్షన్ ఉంటే రిపోర్టు రాయాల్సి వస్తదమ్మా. తర్వాత ఇంజనీరింగ్ వాళ్లు చూస్తరు."

"సూసి?"

"కట్ చేస్తరు. మళ్లీ పర్మిషన్‌కు పెట్టుకుంటే ఇస్తరేమో."

"పెట్టినోనిని?"

ఈసారి జ్యోతిరాణి సాంబయ్య చేతిలోని చాబీని చూసింది, మొహం చూసింది. ఆమెకు అర్థమైంది.

రామవ్వ చుట్టిన బీడీని చాటలో వేసి, ఒళ్లో పడిన తంబాకు దులుపుకుంది. దులుపుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

"మాకు ఎనిమిదో వార్డు నీళ్లే వస్తయి బిడ్డా," అంది. "ఆ పోరి రాసుడు తప్పు రాసింది. మాకేం అభ్యంతరం లేదు. ఏ వార్డుల ఏసుకుంటరో ఏసుకోండ్రి."

గడపల్లో ఎవరో ఏదో అనబోయి ఆగారు. తర్వాత ఒక్కరూ నోరు తెరవలేదు. నలభై ఆరిళ్ల మంది ఒకే మాట మీద నిలబడడం సాంబయ్య చూశాడు. వాళ్ల చేతిలో బేరమాడడానికి ఉన్నది ఒక్క ఓటే. దాన్ని తన కళ్ల ముందే, తన కోసం కూడా, వదిలేసుకున్నారు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు కింద, మూడేళ్ల నౌకరీ మిగిలిందన్న ఊరట కూడా కదిలింది. దానికి ఇంకా సిగ్గేసింది.

"అయితే వాపసు తీసుకున్నట్టు రాసియ్యండి," అంది జ్యోతిరాణి మెల్లగా. రామవ్వ వేలిముద్ర వేసింది. మేడం ఆ కాగితం మీద చాలాసేపు ఊదింది, ఆరిపోయిన తర్వాత కూడా. జీపు ఎక్కుతూ సాంబయ్య వైపు ఒకసారి చూసి, డ్రైవరుతో పోదాం పదమంది.

కరుణాకర్ నీడలోంచి వచ్చి సాంబయ్య భుజం తట్టాడు. "మంచిగైంది. రేపటి సంది మోరీ అవతల నీకు పని లేదు." దిగిన కుడి భుజమే తట్టాడు.

అందరూ పోయాక సాంబయ్య మోరీ పలకల మీద కూలబడ్డాడు. ఎండ మాడుతోంది. కోపం అప్పుడు వచ్చింది, ఎవరి మీద రావాలో వాళ్లంతా పోయాక.

"ఏం పని చేసినవ్ అక్కా!" అన్నాడు. "వార్డు పాయె. సరే. మరి నీళ్లు? నన్ను దాటొద్దన్నరు. దేవదాస్‌కు ఈ వాల్ సంగతి తెల్వది, తెలిసినా ముట్టడు. బండ కింద వాల్ దాచిపెట్టుకుని ఏం జేస్తవ్, పూజ జేస్తవా? ఎన్ని చుట్లు, ఎంతసేపు, ఎప్పుడు మూయాలె, ఎవలకు ఎరుక?"

రామవ్వ చాట పక్కన పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, ఇంట్లోకి పోయింది. ఆమె బయటికి వచ్చేసరికి చేతిలో గోనె సంచి చుట్టిన పొడుగాటి వస్తువు. సంచి విప్పింది.

చాబీ. నాలుగడుగుల కడ్డీ, అడ్డ పిడి, చదరపు గాడి. గనిలో కప్పు కూలకుండా కొట్టే ఇనుప బోల్టును సాగదీసి, అతికి చేసిన చాబీ. అతుకు దగ్గర మొరటుగా ఉంది గానీ గాడి మాత్రం సరిగ్గా కొలత పెట్టి చెక్కి ఉంది. పిడికి పాత చీర పేలిక చుట్టి ఉంది. ఆ పేలిక చేతుల చెమటకు నల్లబడి ఉంది.

"మా ముత్యం చేసి పెట్టిండు, పానం పోకముందు," అంది రామవ్వ. ముత్యం ఆమె మొగుడు. గని వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. చనిపోయి నాలుగేళ్లయింది. "సాంబయ్యకు ఏమన్నయితే ఎట్లనే అన్నడు. గాడి కొలత నువ్వు చాయ తాగుతుంటె తీసుకున్నడు."

సాంబయ్య ఆ చాబీని చేతిలోకి తీసుకోలేదు. చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు దవాఖానల పడ్డ ఆరు దినాలల్ల ట్యాంకు కాడ ఎవలో వచ్చి పెద్ద వాల్ తిప్పిపోయిండు. ఇక్కడ ఎవలు తిప్పిండ్రనుకున్నవ్?"

"నేను మూయకుండ పోయిన అనుకున్న."

"నువ్వా? నువ్వు మూయకుంట పోయేటోనివా?" రామవ్వ నవ్వింది. పళ్లు లేని చోట తంబాకు మరక. "పదకొండున్నర. ఎనిమిదేండ్ల సంది నా ఇంటి ముంగటనే మూతి కదిలిస్తవ్. నేను చదువుకోలే కని, లెక్కపెట్టనస్తది. దినం వెయ్యి బీడీలు లెక్కపెడ్త."

ఎనిమిదేళ్లు తానొక్కడే మోస్తున్నాననుకున్న బరువు తన ఒక్కడిదే కాదని తెలిస్తే ఊరట కలగాలి. కలగలేదు. ముందు నొప్పి వేసింది. ఆస్పత్రి మంచం మీద ఆరు రోజులు పైకప్పు చూస్తూ పడ్డ బాధంతా ఉత్తదేనా అనిపించింది.

"నాకు చెప్పకపోతిరి."

"చెప్తె నీ మనసు చిన్నబోతదని," అంది రామవ్వ. "ఇంకోటి గూడ చెప్పాల్నా? నువ్వు పావుగంట అంటవ్, మూడు నిమిషాలు ఎక్కువ ఇడుస్తవ్. చివరి ముసల్ది బిందె నిండలేదని. కరుణాకర్ ఇంట్ల నల్లా లేటు అయ్యేది దానికే. లేకపోతే వానికి ఎరుకనే కాకపోవు. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు మేం తిప్పిన దినాలు అడుగు, ఒక్కనాడన్న లేటైందేమో."

సాంబయ్య చేతి వాచీ వైపు చూశాడు. మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలే తన మంచితనం అనుకున్నాడు ఇన్నాళ్లూ.

శుక్రవారం ఐదింటికి ట్యాంకు కింద పెద్ద వాల్ తెరిచాడు. అలవాటుగా చాబీ భుజాన వేసుకుని మలుపు దాకా వేగంగా నడిచి, మోరీ దగ్గర ఆగిపోయాడు. పలకల పక్కన నిన్న సాయంత్రమే ఎవరో సున్నంతో గీత గీసి అవతల ఎనిమిది అంకె వేసి పోయారు. తుది జాబితా ఇంకా రాలేదు, సున్నానికి మాత్రం తొందరెక్కువ.

అవతల రామవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బండ జరిపారు. రామవ్వ కొంగు నడుముకు దోపి మోకాళ్ల మీద కూర్చుంది. చాబీ దింపింది. సాంబయ్య చేతులు పిడి మీద లేకపోయినా బిగుసుకున్నాయి. ఒకటి. రెండు. ఆమె పెదాలు కదలడం లేదు. వేళ్లతోనే లెక్క. పదకొండు దగ్గర ఆగింది. సగం అక్కా, ఇంకో సగం అని అరవబోయాడు. ఆమె ఊపిరి పీల్చుకుని, బరువంతా వేసి, ఆ సగం తిప్పింది.

నల్లాలు బుస్సుమన్నాయి.

ఆయన వాచీ చూస్తూ నిల్చున్నాడు. ఈ పావుగంట ఇంత పొడుగుంటుందని ఆయనకు తెలియదు. బిందెలు వరసగా కదిలాయి. తాగే బిందెలు మాత్రం పక్కన ఖాళీగానే ఉన్నాయి. ఎందుకో ఆయనకు వెంటనే తట్టలేదు. రామవ్వ చెంబుతో మోరీ దాకా వచ్చింది. పలకల మీద కాలు పెట్టి, సున్నం గీత దాటి వచ్చి చెంబు చాపింది.

"తాగు తమ్మీ. వాళ్లంత చూస్తుండ్రు."

సాంబయ్య వాసన చూశాడు. రెండు గుక్కలు తాగాడు. తలూపాడు. అవతల బిందెలు నల్లాల కిందికి జరిగాయి.

రామవ్వ వెనక్కి పోయి కూర్చుంది. చివరింటి అవ్వ బిందె ఇంకా సగమే నిండింది. సాంబయ్యకు ఇక్కణ్నుంచి కనిపిస్తోంది. రామవ్వకూ కనిపిస్తోంది. సరిగ్గా పావుగంటకు ఆమె చాబీ వెనక్కి తిప్పింది, పదకొండున్నర చుట్లూ. బండ జరిపి, దాని మీద కూర్చుని, చాట ఒళ్లోకి తీసుకుంది. పక్కింటి పిల్ల తన బిందెలోంచి రెండు చెంబులు ముంచి చివరింటి అవ్వ బిందెలో పోసింది.

కింద కాలనీలో నల్లాలు మొదలైన శబ్దం వినిపించింది. కరుణాకర్ ఇంట్లో కూడా ఈ రోజు టైముకే వచ్చి ఉంటాయి. సాంబయ్య చాబీ భుజం మార్చుకున్నాడు, కుడి నుంచి ఎడమకు, బహుశా మొదటిసారి. ట్యాంకు వైపు మెల్లగా నడిచాడు. పెద్ద వాల్ మూయడానికి ఇంకా నలభై నిమిషాలు టైముంది.